కారు లేని పోర్చిలో ఉయ్యాల

సుచిత్రది మొండిపట్టు అని ఆవిడ అత్తవారి వైపు వాళ్లంతా అంటారు గానీ, అది పూర్తి నిజం కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించే రకం కాదు సుచిత్ర. నాలుగో కాలు చూపిస్తే బుద్ధిగా ఒప్పుకుంటుంది. కుందేలుని మాత్రం వదలదు. అలాంటి మనిషి ఈసారి పట్టుకున్నది ఉయ్యాలని. సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో తాముంటున్న అద్దె ఇంటి పోర్చిలో తాళ్లతో ఒక ఉయ్యాల బల్ల వెయ్యాలని, అందులో అచ్చంగా తానే కూర్చుని ఊగాలని ఆవిడ నిర్ణయించుకుంది.

నిజానికి ఆ పోర్చి కారు పెట్టుకోవడానికి కట్టింది. అయితే ఈ ఊళ్లో కారు కొనడమంటే మాటలా? కారు కంటే కారు కొనే పర్మిట్టుకే ఎక్కువ పొయ్యాలి. ఆవిడ భర్త రంగనాథ్ రోజూ ట్రైనెక్కి పాయా లేబర్ వెళ్లి, బ్యాంకు వాళ్ల కంప్యూటర్ల ముందు కూర్చుని, మళ్లీ ట్రైనెక్కి వచ్చే మనిషి. ఆయనకి కారు సరదా ఎప్పుడూ లేదు. కాబట్టి ఇన్నేళ్ల ఫ్లాట్ల కాపురం తర్వాత ఈ పాతకాలపు వరసయిళ్లలో చివరిది అద్దెకు దొరికినప్పుడు, పోర్చి అలాగే ఖాళీగా ఉండిపోయింది. చెప్పులు, కరివేపాకు కుండీ, ఆరేసిన గొడుగు, అంతే. సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. సుచిత్ర టీ గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడి పైకి చూసేది. పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇనుప దూలం ఒకటి ఉంది. దాన్ని చూస్తే చాలు, ఆవిడకి ఊగాలనిపించేది.

ఆవిడది రాజోలు దగ్గర లంక గ్రామం. అట్లతద్ది నాడు ఊగడంలో సుచిత్రతో పోటీకొచ్చే పిల్ల ఆ చుట్టుపక్కల లేదు. నిలబడి, మోకాళ్లు వంచి తొక్కిందంటే తాడు దూలంతో సమానంగా లేచేది. కింద పెద్దవాళ్లు గుండెలు బాదుకునేవాళ్లు. పెళ్లయి సింగపూర్ వచ్చాక మళ్లీ ఉయ్యాల ఎక్కిందే లేదు. ఫ్లాట్ల కింద ప్లేగ్రౌండులో ఉయ్యాలలుంటాయి, ఉన్నాయి కదాని ఒక రోజు ఎక్కింది కూడా. రెండు ఊపులు ఊగిందో లేదో ఎవరో తల్లి వచ్చి, "ఆంటీ, చిల్డ్రన్ వెయిటింగ్ లా" అంది. ఆంటీ దిగిపోయింది. ఏం చేస్తుంది మరి?

పిల్లలు ఆవిడకి లేరు. ఉండాలని చేయని ప్రయత్నం లేదు, తిరగని డాక్టరు లేడు, మొక్కని దేవుడు లేడు. కడుపులో, నడుంలో, ఎక్కడ పడితే అక్కడ సూదులు పొడిపించుకుని పొడిపించుకుని, ఒక రోజు హాస్పిటల్ నుంచి బయటికొచ్చి బస్‌స్టాపులో కూర్చుని, "ఇక చాలండీ. నా ఒళ్లు నాకిచ్చెయ్యమనండి" అంది. రంగనాథ్ సరేనన్నాడు. ఆ రోజు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఇద్దరూ ఏడవడం మానేశారు. ఆవిడ ఓడలకి సరుకులు పంపే ఒక కంపెనీ గోడౌన్‌లో స్టోర్స్ చూసే ఉద్యోగంలో చేరింది. తాళ్లు, గొలుసులు, రంగు డబ్బాలు, చేతి తొడుగులు, ఏ ఓడకి ఏది కావాలన్నా ఆవిడ చేతి మీదుగానే వెళ్లాలి. ఆ పనంటే ఆవిడకి ఇష్టం. వాళ్లిద్దరూ బాగానే బతుకుతున్నారు. బాగానే బతుకుతున్నామంటే నమ్మేవాళ్లే తక్కువ. ఎదుటివాళ్ల జాలి ఉంది చూశారూ, అది అడక్కుండానే వడ్డిస్తారు, వద్దన్నా మారు వేస్తారు.

అసలు గొడవ మొదలైంది బారసాల నాడు. రంగనాథ్ అక్క లతది కూడా ఈ ఊరే. ఆవిడ కూతురు కీర్తిక ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆ కీర్తికకి ఆడపిల్ల పుట్టింది. లత వాళ్ల ఫ్లాట్లో హాలు నిండా జనం. చెక్క ఉయ్యాలకి మల్లెపూల దండలు చుట్టారు. సుచిత్ర పొద్దున్నే వెళ్లి పులిహోర కలిపింది, దండలు కట్టింది, వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చింది. ఉయ్యాలలో బిడ్డని వేసే వేళకి ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఉయ్యాల కింది నుంచి ఒకరు బిడ్డని అందిస్తే పై నుంచి ఇంకొకరు అందుకుంటారు, అదీ పద్ధతి. సుచిత్ర కూడా చెంగు దోపుకుని ముందుకు వచ్చింది. లత ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు అక్కడ కూర్చుని పాడమ్మా. నీ గొంతు బాగుంటుంది. ఉయ్యాల దగ్గరకి పిల్లల తల్లులు రండర్రా."

అందులో కసి లేదు, అదే మరీ బాధ. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. సుచిత్ర వెళ్లి కూర్చుని పాడింది. అందరూ బాగా పాడావన్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు ట్రైన్లో రంగనాథ్ ఆవిడ ముఖం వంక చూడటానికి కూడా భయపడ్డాడు. రెండు స్టేషన్లు దాటాక ఆవిడే నోరు తెరిచింది.

"ఏవండీ, మన పోర్చిలో ఉయ్యాల వేస్తున్నాను."

"ఎవరికి?" అనేశాడు పాపం, ఆలోచించకుండా.

"నాకు."

మర్నాడే ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసింది. ఆయన హెంగ్ అంకుల్, ముసలి చైనీస్ ఆయన, గోడకి మేకు కొడతానన్నా వారం రోజులు ఆలోచించే మనిషి. "డ్రిల్లింగ్ కెనాట్ హా. రోప్ కెన్" అని తేల్చేశాడు. కొక్కేలు బిగించడానికి వీల్లేదన్నమాట. దూలం చుట్టూ తాడు వేసి కట్టుకోవలసిందే. అదే మేలనుకుంది సుచిత్ర. చిన్నప్పుడు మాత్రం కొక్కేలెవరు చూశారు?

బల్ల సులువుగానే దొరికింది. ఏదో ఓడలోంచి ఊడదీసిన టేకు చెక్క గోడౌన్ వెనకాల పడుంటే, మేనేజర్ని అడిగి తెచ్చుకుంది. రంగనాథ్ నాలుగు మూలలా నాలుగు చిల్లులు వేసి, గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. తాడుకి కొదవేముంది? మిగిలిన ముక్కలు ఎవరైనా పట్టుకెళ్లొచ్చని కంపెనీలో అలవాటే. నీలం రంగు ప్లాస్టిక్ తాడు ఒకటి, నున్నగా, తళతళలాడుతూ కనిపించింది. పెద్ద పెద్ద ఓడల్నే కట్టేసే జాతి తాడది. "ఓడనాపింది, నన్నాపలేదా?" అనుకుంటూ సంచీలో వేసుకుంది.

ఇక ముడి. ముడుల గురించి ఆవిడకొకరు చెప్పాలా? లంకలో పుట్టిన పిల్ల. తాడంటే అక్కడ కొబ్బరి పీచు తాడే, ముడంటే నూతిలోకి చేద దించడానికి వాళ్లమ్మ వేసే ముడే. రెండు చుట్లు చుట్టి, ఒక మెలిక వేసి, కొసని కింద నుంచి దూర్చి లాగితే సరి. బరువు పడేకొద్దీ బిగుస్తుందే తప్ప ఊడదు. ఆ ముడితో ఎన్ని వేల చేదల నీళ్లు తోడారో లెక్క లేదు. సుచిత్ర స్టూలెక్కి ఇటు రెండు, అటు రెండు అవే ముడులు వేసింది. బల్ల అందంగా వేలాడింది. నీలం తాళ్లు, ఎర్రటి టేకు బల్ల. రంగనాథ్ ఫొటో తీసి వాళ్లక్కకి పంపాడు. ఆ మానవుడికి ఎప్పుడేది పంపకూడదో ఎప్పటికీ తెలియదు.

ఫొటో చూసి లత ఊరుకుంటుందా? ఆదివారం పూట దిగనే దిగింది. వదిన గుమ్మంలో కనపడగానే సుచిత్ర ఎప్పటిలాగే లేచి నిలబడింది. ఆ ఇంట్లో అది అలవాటు, భర్త అక్క వస్తే కూర్చుని పలకరించడం ఉండదు. లత చెప్పులు విడుస్తూనే ఉయ్యాల వంక చూసి బుగ్గన వేలేసుకుంది.

"ఇదేం పనే సుచిత్రా? పిల్లల్లేని ఇంట్లో ఉయ్యాల కడతారా ఎవరైనా? ఎవరూ లేకుండా గాలికి అదలా ఊగుతుంటే ఇంటికి మంచిది కాదు. చూసేవాళ్లేమనుకుంటారు?"

"ముందు కూర్చుని చూడక్కా, ఎంత బాగుందో" అన్నాడు రంగనాథ్ గొడవ సర్దుదామని. వాళ్లక్క కూర్చోకపోయేసరికి తానే వెళ్లి దర్జాగా కూర్చున్నాడు. బల్ల ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎడమవైపు ముడి మెల్లిగా, ఎవరో విప్పుతున్నట్టే, జారడం మొదలుపెట్టింది. "సుచీ... సుచీ..." అంటూనే ఆయన వాలిపోయి, చివరికి దబ్బున నేల మీద పడ్డాడు. బల్ల మూల తగిలి కరివేపాకు కుండీ పగిలింది.

దెబ్బ పెద్దది కాదు. కూర్చునే చోట రెండు రోజులు నొప్పెట్టే రకం. లేవదీస్తూ సుచిత్రకి ముందు నవ్వొచ్చింది. కానీ లత గొంతు ఆ వెంటనే వినిపించింది.

"చెప్పానా? కలిసిరాదని చెప్పానా లేదా? ఖాళీ ఉయ్యాల అరిష్టమే తల్లీ అంటే విన్నావు కాదు."

"ఖాళీ ఎక్కడుంది వదినా? ఇంట్లో నేను లేనూ?"

"నువ్వుంటే? నీకెందుకే ఉయ్యాల, ఈ వయసులో?"

ఆ మాటకి సుచిత్ర వంటింట్లోకి నడిచింది. వదినకి కాఫీ కలిపి ఇచ్చింది, భర్తకి బామ్ ఇచ్చింది, మట్టి ఎత్తి కరివేపాకు మొక్కని పాత బకెట్లో నాటింది. లోపల మాత్రం భగభగ మండిపోతోంది. ఏడుపు కాదది, కోపం. ఇన్నాళ్లూ ఆ రెండింటికీ తేడా తెలియక ఏడుస్తూ వచ్చానని ఆవిడకి ఆ పూటే అర్థమైంది.

లత వెళ్లాక రంగనాథ్ మంచం మీద బోర్లా పడుకుని మెల్లిగా అన్నాడు. "వదిలెయ్యి సుచీ. షాపులో గుడ్డులాంటి ఊగే కుర్చీలు అమ్ముతారు. స్టాండుతో సహా ఒకటి తెచ్చుకుందాం. అక్క కూడా బాధపడదు."

"మీ అక్క బాధపడితే ఆవిడ బాధ ఆవిడ పడుతుంది. ఇన్నేళ్లూ నా బాధ నేను పడలేదూ? నాకు కుర్చీ వద్దు. ఉయ్యాలే కావాలి. అదీ నేను కట్టిందే కావాలి. ఈసారి తాడో పేడో తేలాల్సిందే."

ఆయన మూలుగుతూ అటు తిరిగి పడుకున్నాడు. వాదించేందుకు కూడా నడుం నొప్పిగా ఉంది.

సుచిత్ర పోర్చిలోకి వచ్చి ఆ నీలం తాడుని చేతిలోకి తీసుకుంది. ఎక్కడా తెగలేదు, పోగు కూడా లేవలేదు. అరిష్టమూ లేదు, గాడిదగుడ్డూ లేదు, ముడి జారిందంతే. ఎందుకు జారింది? అరచేతిలో వేసుకుని లాగి చూసింది. పాములా జారిపోయింది. అప్పుడు వెలిగింది ఆవిడకి. వాళ్లమ్మ ముడిలో పని చేసేది సగం ముడి, సగం పీచు. కొబ్బరి తాడు ఒళ్లంతా ముళ్లలాంటి నూగు. ఆ నూగు నూగుని పట్టుకుంటేనే ముడి బిగుస్తుంది. అదే ముడిని తీసుకొచ్చి ఈ నున్నటి ప్లాస్టిక్‌కి వేస్తే, నూనె రాసిన స్తంభం ఎక్కినట్టే కదా! "నా బుద్ధి మండా" అని తనని తానే తిట్టుకుంది. రోజంతా తాళ్ల మధ్యనే కూర్చునే మనిషి, ఇంటికొచ్చేసరికి రాజోలు పిల్ల అయిపోయింది.

మర్నాడు గోడౌన్‌లో పని ముగిశాక ఒక్కొక్క తాడునీ కళ్లు మూసుకుని అరచేత్తో రుద్ది చూసింది. చివరికి ఒక మూలన మనీలా తాడు దొరికింది. నారతో పేనింది, బొటనవేలంత లావు, చేతికి గరగరమని గుచ్చుకుంటుంది. వాసన చూస్తే అచ్చం వాళ్ల లంకలో పీచు నానబెట్టిన వాసన కాదు గానీ, దాని చుట్టమే. ఈసారి ముక్క కాదు, కొనుక్కునే వచ్చింది.

స్టూలెక్కి దూలం అంచులు తడిమితే కత్తిలా తగిలాయి. ఆ అంచు మీద తాడు రోజూ రాసుకుంటే ఇంకేమైనా ఉందా? రంగనాథ్ కొన్నరోజు తప్ప ఏనాడూ విప్పని యోగా మ్యాటు ఒకటి ఉంది. దాన్ని కోసి దూలానికి చుట్టింది. మ్యాటు మీద తాడు చుట్లు వేసి, అమ్మ ముడే వేసి, దాని కింద కొసని ఇంకోసారి తాడుకే కట్టింది. అప్పుడు కూడా మనిషిని ఎక్కనివ్వలేదు. బియ్యం బస్తాలు తెచ్చి బల్ల మీద పేర్చింది. తన బరువు, ఆయన బరువు, ఎందుకైనా మంచిదని లత వదిన బరువు కూడా వేసి వదిలేసింది.

తెల్లారేసరికి బల్ల కుంగి నేలకి జానెడు ఎత్తున వేలాడుతోంది. కొత్త తాడు సాగింది. బస్తాలు దింపి, విప్పి, పైకి లాగి, మళ్లీ కట్టింది. మర్నాడు వాన జల్లు కొట్టి ఒక వైపు తాళ్లు తడిశాయి. తడిసిన వైపు బిగుసుకుని బల్ల ఒక పక్కకి ఒరిగింది. మళ్లీ విప్పింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆఫీసులో చేతి తొడుగులు తానే అందరికీ ఇస్తుంది, తాను మాత్రం వేసుకోలేదు. ముడి చేతికి తెలియాలంటుంది. తాడు ఎంత సాగాలో అంత సాగి, ఇక చాలని ఆగేదాకా ఆవిడ కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. ఆ పని ఎన్ని సాయంత్రాలు సాగిందో ఆ వీధి వీధంతా చూసింది.

పక్కింటి మలాయ్ ఆవిడ గేటు మీద చేతులానించి అడగనే అడిగింది. "గ్రాండ్‌చిల్డ్రన్ కమింగ్ ఆ?"

"నో చిల్డ్రన్. ఫర్ మీ" అంది సుచిత్ర తాడు లాగుతూనే. నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆవిడే అనుకోలేదు.

"ఫర్ యూ! వా!" అని ఆవిడ పెద్దగా నవ్వింది. అందులో ఎగతాళి లేదు. "గుడ్, గుడ్. వి ఆల్సో టయర్డ్, వాట్" అని, మనకూ అలుపుంటుంది కదా అన్నట్టు అనేసి లోపలికి పోయింది. సుచిత్రకి ఆ రోజంతా హుషారుగా ఉంది.

బియ్యం బస్తాలతో మూడు రోజులైనా బల్ల అంగుళం కూడా కుంగకపోయాక, ఒక శనివారం సాయంత్రం ఆవిడ బస్తాలు దింపి, బల్ల తుడిచి, చెంగు సర్దుకుని కూర్చుంది. ముందు భయంభయంగా. తాళ్లు మ్యాటు మీద కిర్రుమన్నాయి, సర్దుకున్నాయి, ఆగాయి. కాలి బొటనవేలితో నేలని మెల్లిగా తన్నింది. బల్ల కదిలింది. గాలి మెడ మీద తగిలింది, కడుపులో జిల్లుమంది. ఆవిడకి అంత సంతోషం ఎన్నేళ్లయిందో! గట్టిగా నవ్వింది. లోపల్నుంచి రంగనాథ్ "పడ్డావా?" అంటూ పరుగెత్తుకొచ్చి, చూసి, గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. లత, వెనకాల కీర్తిక, కీర్తిక చేతిలో పాప.

సుచిత్ర పాదం నేలకి ఆనింది. వదిన వచ్చింది. లేవాలి. ఇన్నేళ్లుగా ఆ ఒళ్లు దానంతటదే లేచేది. ఇప్పుడు కూడా నడుం ముందుకు వంగింది. వంగి, ఆగింది. ఆవిడ రెండు వైపులా తాళ్లు గట్టిగా పట్టుకుని వెనక్కి కూర్చుంది.

"రండి వదినా. ఏవండీ, అక్కయ్యగారికి కుర్చీ వెయ్యండి."

లత ముఖం ఎర్రబడింది. కుర్చీలో కూర్చోలేదు. కీర్తికకి ఇవేవీ పట్టలేదు. ఉయ్యాల చూసి, "వా, అత్తయ్యా, సో నైస్ లా!" అంటూ దగ్గరికొచ్చింది. కళ్ల కింద నల్లగా ఉన్నాయి, నిద్రలేదు పాపం బాలెంతకి. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, ఆ రోజు ఫంక్షన్లో అమ్మ అలా అనకూడదు. వెరీ రాంగ్. నేనప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. సారీ. ఇదిగో, పాపని తీసుకోండి. ఒళ్లో పెట్టుకుని ఊపండి. పాప ఉంటే ఇంకెవరూ ఏమీ అనరు కదా."

మంచి పిల్ల. మనసులో ఉన్నదే అంది. పాప కూడా ముద్దుగా, పిడికిళ్లు బిగించి, పెదాలు చప్పరిస్తూ ఉంది. సుచిత్ర చేతులు తాళ్లు వదిలి ముందుకు చాచుకున్నాయి కూడా. అంతలోనే లత ముఖం కనపడింది. ఆ ముఖంలో ఎరుపు పోయి, అమ్మయ్య అన్నట్టు కాస్త వెలుగొచ్చింది. ఆవిడే తల ఊపుతోంది, తీసుకో తీసుకో అని. సుచిత్రకి అంతా తేటగా కనపడింది. ఇప్పుడు ఈ బిడ్డని ఒళ్లో పెట్టుకుంటే అందరికీ నిశ్చింత. ఉయ్యాలకి అర్థం దొరికిపోతుంది. రేపట్నుంచి ఇది పాప ఉయ్యాల. తాను దాన్ని ఊపే అత్తయ్య.

చాచిన చేతులతో పాప బుగ్గని ఒకసారి నిమిరి, ఆవిడ మళ్లీ తాళ్లు పట్టుకుంది.

"ఇప్పుడు కాదే కీర్తీ. దిగాక ఎత్తుకుంటాను. నీ నిద్ర తీరేదాకా ఎత్తుకుంటాను, లోపలికెళ్లి హాయిగా పడుకో. కానీ నా ఊగడం ఇంకా అవలేదు."

కీర్తిక తెల్లబోయింది. లత ఇక ఆగలేకపోయింది.

"హవ్వ! పసిపిల్లని చేతికిస్తుంటే వద్దంటావా? బిడ్డ కంటే ఉయ్యాల ఎక్కువైందా నీకు?"

"ఎక్కువని కాదు వదినా" అంది సుచిత్ర. కోపంగా అనలేదు, ఉప్పు అందుకోమన్నంత మామూలుగానూ అనలేదు. ఒక్కొక్క మాటా నొక్కి అంది. "ఇది నాది."

కాలితో నేలని గట్టిగా తన్నింది. బల్ల వెనక్కి వెళ్లింది, ముందుకి వచ్చింది, ఈసారి ఇంకా ఎత్తుకి. లత పక్కకి జరిగి దారిచ్చింది.